పులి తిన్న గంట

ఫిన్నిష్‌లో ఆమె మొట్టమొదట చదవడం నేర్చుకున్న మాట "మ్యోహాస్సా". ఆలస్యం అని అర్థం. కుట్టుగది హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన ఎర్ర సిరాతో రెండుసార్లు రాశారు మరి. మూడోసారి పడిందంటే మిషను వదిలేసి ఇంటికి పోవడమే.

అక్కడ పని పంచే పెద్దావిడకి ఆమె మనసులో పెట్టుకున్న పేరు మేస్త్రమ్మ. ఆవిడ "పువోలి కోల్మె"కి రమ్మంది. పువోలి అంటే సగం, కోల్మె అంటే మూడు. బుద్ధెరిగినప్పటినుంచీ మూడుకి సగం చేరితే మూడున్నరే కదా! ఆమె ఠంచనుగా మూడున్నరకి వెళ్లింది. వాళ్లు పిలిచింది రెండున్నరకట. చెవి దోషమేమో అనుకుంది. నాలుగు రోజులకి మళ్లీ అదే కథ.

ఆ రెండోసారి మేస్త్రమ్మ ఆమె మిషను మీద ఓ చీటీ అంటించింది. చంటిపిల్లలకి రాసినట్టు పెద్ద పెద్ద అంకెల్లో మర్నాటి టైము. పక్క మిషన్లవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమెకి ఒళ్లు మండింది. చీటీ పీకి చేతికిచ్చేసి, వచ్చీరాని ఫిన్నిష్‌లో, "నోటితో చెప్పండి" అంది.

ఇంట్లో, ఆ పని ఇప్పించిన ఆడపడుచు లబోదిబోమంది.

"చీటీ తీసుకుంటే నీ సొమ్మేం పోయింది వదినా? రేపు పని ఊడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అందరికీ నోటిమాటా, నాకు మాత్రం చీటీనా? చచ్చినా తీసుకోను."

"అయితే సరిగ్గా విను తల్లీ. వాళ్లు సగం కలపరు, కొరుకుతారు. మూడో గంటలో సగం అయిందని."

"పువోలి... పులి!" ఆమె పకపకా నవ్వింది. "మూడో గంటని పులి సగం తినేసిందన్నమాట!"

ఇక గిన్నెలు తోముతూ, జడ అల్లుకుంటూ, గంటలన్నిటినీ పులికి మేపింది.

వారం తిరక్కుండానే మేస్త్రమ్మ ఆమె ముందుకొచ్చి నిలబడింది. కొత్త మిషన్లు పంచుతారట. "రేపు సామాన్ల గది తలుపు దగ్గరుండు. వీత్తా వైల్లె పువోలి కోల్మె," అని గబగబా అనేసి, పెదవి చివర నవ్వుకుంది. అందరి మిషన్లూ ఆగాయి.

వీత్తా, ఐదు. వైల్లె, తక్కువ. పులి సగం తినడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఆమె మళ్లీ అడగలేదు. ఇంటికెళ్లి ఆడపడుచునీ అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టే అనిపించింది.

మర్నాడు రెండూ ఇరవై అయిదుకి తలుపు దగ్గరుంది. ఒక్క నరపురుగు లేదు. కొంపదీసి మళ్లీ తప్పానా? అయినా కదల్లేదు.

సరిగ్గా రెండున్నరకి మేస్త్రమ్మ తాళాలు ఆడించుకుంటూ వచ్చింది, వెనకాల మిగతా కుట్టువాళ్లు. ఆమెని చూసి ఆగిపోయింది.

ఆమె గుమ్మం పక్క బల్ల మీది హాజరు పుస్తకం తెరిచి, ఎర్ర కలంతో సహా ముందుకి జరిపింది.

"పువోలి కోల్మె," అంది గడియారం చూపిస్తూ. "మ్యోహాస్సా."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రమ్మ గడియారం చూసింది, ఆమెని చూసింది. కలం అందుకుని తన పేరు పక్కన తనే రాసుకుంది.