నీళ్ళొదిలిన కోడలు

బ్యాంకు హాలులో చీలమండల దాకా నీళ్ళున్నాయి, ఎవరూ పట్టించుకోవడం లేదు. గవర్రాజు వరుసలో నిలబడి ఉన్నాడు. ముందున్న వీపు తండ్రి పోలయ్యది. పోయిన ఎండాకాలం చచ్చిపోయిన మనిషి తడిగుడ్డలతో ఇక్కడెందుకున్నాడని గవర్రాజుకు అనిపించదు, వరుస ఎప్పుడు కదులుతుందా అని మాత్రమే అనిపిస్తుంది.

"ఏరా, పిల్ల పని అయ్యిందా?" అంటాడు పోలయ్య వెనక్కి తిరక్కుండానే.

"ఎక్కడవుద్ది? గార్డియన్‌వి నువ్వు పోయావు. బాబాయినంటే చాలదంట. తల్లినైనా తెమ్మంటున్నారు, కోర్టు కాగితమైనా తెమ్మంటున్నారు."

పిల్ల అంటే హేమ. పోలయ్య పెద్దకొడుకు లారీ కింద పడి పోతే వచ్చిన పరిహారం పిల్ల పేరున వేసి, మైనరు కాబట్టి తాత గార్డియన్‌గా నిలబడ్డాడు. ఆ డబ్బు కదిలితేనే హేమ పాలిటెక్నిక్‌లో చేరేది. గడువు ఈ వారంతో సరి.

"తల్లి పోయిందని చెప్పాను కదరా వాళ్ళకి."

"అదే నువ్వు చేసిన నిర్వాకం. పోతే మరణ ధ్రువపత్రం ఏదంటున్నారు. బతికున్నదానికి ఎవడిస్తాడు నాన్నా?"

కౌంటరు అద్దం వెనక గుమాస్తా ఉండవలసిన చోట గోదారి పారుతోంది. హేమ తల్లి, అంటే కోడలు నూకరత్నం, తాపీమేస్త్రిని మనువాడిన రోజున పోలయ్య ఆ గోదారి రేవులోనే తల మునిగేలా స్నానం చేసి, ఆమె పేరున నీళ్ళొదిలి, తడిగుడ్డలతో ఇంటికొచ్చి, మనకది చచ్చిందే అన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు.

"నేను అబద్ధమాడలేదురా. నీళ్ళొదిలాను."

"నీళ్ళొదిలితే మనుషులు చావరు. రాజానగరంలో టిఫిన్ బండి పెట్టుకుంది. ఇడ్లీ బాగుంటుందంట."

"తిన్నావా?"

"దూరం నుంచి చూశాను."

వరుస కదులుతుంది, మళ్ళీ మొదటి చోటే ఉంటుంది.

"సంతకం పెట్టి పిల్లనీ పట్టుకుపోద్ది రా."

"పోద్ది."

"పెళ్ళి మానుకుని పెంచావు. నీకు జడలల్లడం కూడా వచ్చు."

గవర్రాజు ఏడుపు కోసం లోపల తడుముకుంటాడు, ఏమీ దొరకదు. "ఈ ఏడు పోతే పిల్ల నా కొట్లో కూర్చుని మోటార్లకి తీగ చుట్టుకుంటది. నన్ను ఏడో క్లాసులో మాన్పించి కూర్చోబెట్టావు కదా, అలాగ."

పోలయ్య వంగి దోసెడు నీళ్ళు తీసుకుని, ఏం చెయ్యాలో తెలియనట్టు చూస్తుంటాడు.

"ఇవి వెనక్కి తీసుకునే పద్ధతేదైనా ఉందేమో, పంతుల్ని అడిగావా?"

"పంతులూ పోయాడు."

"అయితే ఇటే ఉంటాడు. నే కనుక్కుంటాలే, నువ్వు పోయి దాన్ని పిలువు."

"ఏమని పిలవను?"

"ముందేమని పిలిచేవాడివి?"

"బాబాయ్, రాజానగరం వచ్చేసింది," అని హేమ భుజం కుదుపుతోంది.

బస్సు దిగేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రోడ్డు దాటితే టిఫిన్ బండి. నూకరత్నం ప్లేట్లు కడుగుతూ తలెత్తి, గవర్రాజును చూడకుండా హేమనే అడిగింది: "ఎన్ని ప్లేట్లమ్మా?"

హేమ బాబాయి వైపు చూసింది.

"వదినా," అన్నాడు గవర్రాజు, "పొయ్యి కట్టెయ్యి. బ్యాంకుకి పోవాలి."

నూకరత్నం పిల్లను చూస్తూ ఉండిపోయింది. చేతుల్లోంచి నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నా తుడుచుకోలేదు.