ఎనిమిది పసుపు బంతులు

పొద్దున్నే రేడియోలో వాతావరణం చదివే ఆవిడ, ఉత్తరం నుంచి పెద్ద అల బయల్దేరిందనీ, మధ్యాహ్నం దాటాక బెక్వే దీవి పడమటి రేవులన్నింటికీ తగులుతుందనీ చెప్పింది. అంత మాట చెప్పి నవ్వుతూ శుభోదయం కూడా పలికింది. ఎజ్రాన్ తింటున్న ఉప్పు చేప ముక్కను కంచంలోనే వదిలేశాడు.

ఆ పడమటి తీరంలోనే, గ్రాన్బీ రేవులో అతనికి ఎనిమిది పసుపు బంతులున్నాయి. సముద్రం అడుగున సిమెంటు దిమ్మ, దిమ్మకు గొలుసు, గొలుసుకు తాడు, తాడు కొసన నీటి మీద తేలే బంతి. దీవులు తిరిగే తెరచాప పడవల వాళ్లు వచ్చి, లంగరు వేసే శ్రమ లేకుండా ఆ బంతికి పడవ కట్టుకుని హాయిగా నిద్రపోతారు. ఆ నిద్రకు పూచీ ఏ కాగితమూ కాదు, బంతి యజమాని మాట. తుఫాను నెలలు పోగానే ప్రతివాడూ మునిగి తన గొలుసులు చూసుకోవాలి, అరిగినవి మార్చాలి. ఆ తర్వాతే "నేను దిగి చూశాను" అనాలి. రేవు రేవంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఎజ్రాన్ ఈసారి దిగలేదు. జూలైలో ఎడమ చెవి కర్ణభేరి పగిలింది. ఇంకోసారి మునిగితే ఆ చెవి మీద ఆశ వదులుకోమని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ సంగతి భార్య ఐడాలియాకు తప్ప రెండో మనిషికి తెలియనివ్వలేదు. నవంబరులో అందరూ చూస్తుండగా కళ్లకు ఈత అద్దాలు తగిలించుకుని, ప్రతి బంతి దగ్గరా పడవకు అవతలి పక్కన నీళ్లలోకి జారి, అంచు పట్టుకుని కాసేపు వేలాడి, జుట్టు మాత్రం తడుపుకుని పైకెక్కి, అంతా బాగుందన్నట్టు బొటనవేలు చూపించాడు. ఎనిమిది బంతులకు ఎనిమిదిసార్లు. అరవై ఏళ్ల మనిషి చేయాల్సిన పనేనా అది!

"ఇప్పుడైనా చెప్పెయ్యి. చెవి పగలడం నేరమా?" అంది ఐడాలియా.

"చెవిది కాదే నేరం. చూశానన్నాను కదా, అదీ."

"అయితే లెనాక్స్‌ని దిగి చూడమను."

"వాణ్ణా? చచ్చినా అడగను."

"నువ్వు చావవులే, నీ తాళ్లకు కట్టుకున్నవాళ్లు చస్తారు."

లెనాక్స్‌వి అదే రేవులో ఎర్ర బంతులు. రెండేళ్ల క్రితం అతని గొలుసు ఒకటి తెగి, ఒక పడవ రాళ్లకు కొట్టుకుంది. అప్పుడు ఎజ్రాన్, పడవలవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే, రేవంతా వినే రేడియోలో, "లెనాక్స్ బంతి షికారుకెళ్లిందట, ఎవరికైనా కనబడితే ఇంటికి పంపండి" అన్నాడు. వారం రోజులు దీవి దీవంతా నవ్వింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇంట్లో కూర్చోలేక ఎజ్రాన్ తన చిన్న పడవ తీశాడు. ఒక బంతి తాడు లాగి చూశాడు. ఇంకోటి లాగాడు. మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు. పైనుంచి లాగితే అడుగున ఏముందో ఎలా తెలుస్తుంది? చేతులు ఊరుకోక లాగుతున్నాడంతే. మూడో పడవలో ఒక తల్లి పిల్లల బట్టలు ఆరేస్తూ, "మాకేం భయం లేదు కదా?" అని అడిగింది. "ఫస్టుక్లాసుగా ఉంది తల్లీ" అన్నాడు. ఏడో పడవ దాకా అందరూ అదే అడిగారు, అందరికీ అదే చెప్పాడు.

ఆఖరి బంతికి ముసలి పిమ్ గారి పడవ ఉంది. పదకొండేళ్లుగా ప్రతి చలికాలం ఆ బంతికే కడతాడు. ఆయన ఏమీ అడగలేదు. టీ కప్పు ఎత్తి చూపించి, మళ్లీ పుస్తకంలో తల దూర్చాడు.

పదకొండయ్యేసరికి పడవల తెరచాప స్తంభాలు అటూ ఇటూ ఊగడం మొదలైంది. ఎజ్రాన్ ఇక ఆగలేక పడవను తిన్నగా జెట్టీకి పోనిచ్చాడు. లెనాక్స్ అక్కడ వల బాగుచేసుకుంటున్నాడు.

"లెనాక్స్, ఒకసారి నా గొలుసులు చూసిపెట్టాలి."

"ఎవరూ? మహారాజుగారే! నవంబరులో తమరే దిగి చూశారు కదా, తల కూడా తడిసింది."

"తలే తడిసింది. నేను దిగలేదు. చెవి పోయింది."

లెనాక్స్ వల పక్కన పెట్టాడు. నవ్వుతాడనుకున్నాడు ఎజ్రాన్, ఆ నవ్వుకు సిద్ధపడే వచ్చాడు కూడా. లెనాక్స్ నవ్వలేదు. "చెవి పోతే నోరు కూడా పోయిందా? మూడు నెలలా!" అని తిట్టి, ఈత అద్దాలు తీసుకుని ఎజ్రాన్ పడవలోకి దూకాడు.

పిల్లలున్న పడవ కింద మునిగి, ఎంతసేపటికో పైకి తేలాడు. తేలగానే ఉమ్మేసి, చిటికెన వేలు ఎత్తి చూపించాడు.

"ఇంతే మిగిలింది లంకె. మామిడికాయ తొడిమ నయం."

"మిగతావి..."

"మిగతా ఏడూ చూసి, బాగుచేసేసరికి అల మన నెత్తిన ఉంటుంది. అందర్నీ పొమ్మను. రేడియో ఉందిగా, నీకు అలవాటే."

ఎజ్రాన్ పడవలోని రేడియో అందుకున్నాడు. "నేను ఎజ్రాన్‌ని. నా పసుపు బంతులకు కట్టుకున్నవాళ్లంతా వెంటనే విప్పుకుని దూరంగా వెళ్లి లంగరు వేసుకోండి. గొలుసులు చూశానని అబద్ధం చెప్పాను. ఒక్కటి కూడా చూడలేదు." రేడియోలో ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం చాలా మర్యాదగా, "మీరు సిగ్గుపడాలి" అన్నాడు.

ఇంజన్లు మొదలయ్యాయి. పిల్లల తల్లి తాడు విప్పుతూ అతని వంక చూసిన చూపు చెంపదెబ్బలా తగిలింది. ఒక్కొక్కటిగా ఏడు పడవలు కదిలిపోయాయి. పిమ్ గారి పడవ కదల్లేదు.

ఎజ్రాన్ దగ్గరికెళ్లి పడవ పక్క దబదబా బాదాడు. "అయ్యా, వినలేదా?"

"విన్నాను. ఎవరి మీదో కోపంతో అంటున్నావు. నీ సంగతి నాకు తెలియదా ఎజ్రాన్? నీ బంతి మీద నాకు బెంగ లేదు."

"అది కాదయ్యా! నిజంగానే దిగలేదు."

"సరేలే. టీ తాగుతావా?"

అలలు పెరిగి పడవ ముక్కు లేస్తూ పడుతోంది. ఎజ్రాన్ తన చిన్న పడవను లెనాక్స్‌కు వదిలి, ఆయన పడవ ముందు కొసన ఎక్కి, తడిసి బిగిసిన తాడును గోళ్లు చీరుకుపోతున్నా తనే విప్పి నీళ్లలోకి విసిరేశాడు. పడవ వెనక్కి జారింది. పిమ్ గారు కప్పు వదిలేసి, గబగబా ఇంజను వేసి, చుక్కాని పట్టుకున్నాడు. ముసలాయన మొహం పాలిపోయింది.

"అయితే నిజమేనన్నమాట. నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"అందరూ అడిగారు, అందరికీ అబద్ధం చెప్పాను. మీరొక్కరే అడగలేదు."

"నిన్ను అడగాలని నాకు తోచలేదు ఎజ్రాన్," అన్నాడు పిమ్ గారు. పడవను రేవు బయటికి తిప్పాడు.