గోడా, చెయ్యీ, నా ముక్కూ

మా ఫుట్‌బాల్ క్లబ్ ఆట మీద ప్రేమతో పుట్టిందని కొత్త స్టేడియంలో పెద్ద అక్షరాలతో రాయించారు. నమ్మకండి. అది అమ్ముడుపోని పసుపు రంగుతో పుట్టింది.

మేం పనిచేసే రంగుల ఫ్యాక్టరీలో ఒక ఏడాది ఎవరో లెక్క తప్పి పసుపు రంగు మరీ ఎక్కువ కలిపేశారు. కొనే నాథుడు లేడు. డబ్బాలు గోడౌను నిండి వరండాలోకీ, వరండా నిండి మేనేజరు గదిలోకీ వచ్చేశాయి. కుర్చీలో కూర్చోవాలంటే ఆయన డబ్బాల మీంచి దూకి వెళ్ళాల్సి వచ్చేది. ఒకరోజు దూకబోయి పడి, ఆ మంటలో, "దీంతో ఏదో ఒకటి చేసి చావండి, చొక్కాలన్నా ముంచుకోండి" అన్నాడు. మేం నిజంగానే ముంచుకున్నాం. అందరికీ ఒకే రంగు చొక్కాలు వచ్చాక చేతులు ముడుచుకుని కూర్చోలేం కదా, బంతి కొన్నాం. మొదటి ఆటలో వాన కురిసి రంగంతా కారి మైదానం పసుపుపచ్చగా మారింది. పక్క దొడ్లో ఆవు ఆ గడ్డి మేసి కొన్నాళ్ళు పాలు మానేసి నేరుగా వెన్నే ఇచ్చిందంటారు. అనేది నేనే అనుకోండి.

జట్టులో ఒకే పేరున్నవాళ్ళు చాలామంది. "ఒరేయ్" అని పిలిస్తే సగం మంది తిరిగేవారు. అందుకని గేటు దగ్గర నల్లబల్ల మీద అసలు పేర్లు కాకుండా మారుపేర్లే రాసేవారు. కత్తెర, పొగగొట్టం, నిద్రమొహం. నేను గోల్‌కీపర్‌ని. నా పేరు గోడ. నాతోపాటు రంగు కలిపే గదిలో పనిచేసే నా స్నేహితుడు లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడు. వాడికి చాలాకాలం ఏ పేరూ లేదు. తర్వాత వచ్చింది. గొడవంతా అదెలా వచ్చిందన్న దగ్గరే ఉంది.

జీతాలిచ్చే పెద్ద లీగ్‌లోకి ఎక్కడానికి ఆఖరి ఆట. డ్రా చేసుకున్నా చాలు. వాన దంచేస్తోంది. రెండు జట్లకీ గోల్ లేదు. ఇంకాసేపట్లో ఈల వేస్తారనగా బంతి మా గోల్ ముందు పైకి లేచింది. తలతో ఒక్క పోటు పొడిస్తే సరిపోయేది. నా స్నేహితుడు అటక మీంచి డబ్బా దించినట్టు చెయ్యెత్తి దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని నా వైపు చూశాడు, ఎక్కడ పెట్టమంటావన్నట్టు.

రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు.

అవతలి ఫార్వర్డ్ ఎలాంటివాడంటే, వాడు తంతే బంతి ముందు వచ్చేది, చప్పుడు తర్వాత వచ్చేది. నానిన తోలుబంతి, ఇటుక బరువు. నా చేతులు లేచేలోగా మొహం మీదికొచ్చింది. ముక్కుతో ఆపాను. ఇది మాత్రం కథ కాదు. ఆ రోజు నుంచి నా ముక్కు ఎడమ చెవి వైపు చూస్తోంది. నాకు జలుబు చేస్తే ఇంట్లోవాళ్ళకంటే ముందు ఎడమ పక్కింటివాళ్ళకి అంటుకుంటుంది.

ఆట అయ్యాక ఫొటో తీశారు. అందులో నా మొహం కనపడదు, తడితువ్వాలు చుట్టి ఉంది. నా పక్కన నా స్నేహితుడు మొహం కనపడకుండా తలొంచుకుని, రెండు చేతులూ నిక్కరు జేబుల్లో దాచుకుని నిలబడ్డాడు. ఆ తువ్వాలు చుట్టింది ఆట చూడ్డానికొచ్చిన వాడి చెల్లెలు. రక్తం ఆగాలని ఊపిరాడకుండా బిగించింది. పెళ్ళయ్యాక కూడా అదే పద్ధతి. అలా వాడు నాకు బావయ్యాడు, నేను వాడికి బావనయ్యాను. మర్నాడు నల్లబల్ల మీద వాడికీ ఒక పేరు వచ్చింది. చెయ్యి.

ఆ ఆటే మా ఇద్దరికీ ఆఖరిది. నన్ను డాక్టరు వద్దన్నాడు, వాణ్ణి జట్టు వద్దంది. జీతాల ఆటగాళ్ళు బయటి నుంచి దిగారు. క్లబ్ చేతులు మారింది, ఫ్యాక్టరీ మూతపడింది, గోడౌను కాలినప్పుడు పాత కాగితాలూ కాలిపోయాయి. కత్తెరా, పొగగొట్టమూ, నిద్రమొహమూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మిగిలింది నేనూ, మా బావా.

ఆ కథ నేను చెప్పని పెళ్ళి లేదు. భోజనాల దగ్గర పిల్లలు చుట్టూ చేరి, "చెయ్యి కథ, చెయ్యి కథ" అనేవారు. చెప్పేకొద్దీ మా బావ చెయ్యి పొడుగెక్కుతూ వచ్చింది. చివరికి మైదానం మధ్య గీత దగ్గర నిలబడి గోల్ ముందున్న బంతిని అందుకునేదాకా పెరిగింది. బావ తలొంచుకుని తింటూ నవ్వేవాడు. మా ఆవిడ ఒక్కతే నవ్వేది కాదు. ఆవిడ నా ఏ కథకీ ఎప్పుడూ నవ్వి ఎరగదు. వినీ వినీ విసుగెత్తిందనుకునేవాణ్ణి.

పోయినేడు క్లబ్ కొత్త స్టేడియం కట్టింది. అందులో క్లబ్ చరిత్రకి ఒక గది. ఆ చరిత్ర రాయడానికి పెట్టుకున్న అమ్మాయి మా ఇంటికొచ్చింది. చక్కటి పిల్ల, ఎంత చెప్పినా వినేది. అలాంటివాళ్ళు దొరికితే నాకు ఒళ్ళు తెలియదు. ఆవు సంగతి చెప్పాను. ఒక ఆటలో బంతి పేలి అందులోంచి పావురం ఎగిరిందని చెప్పాను. వెళ్ళేముందు, "నల్లబల్ల మీద మీ పేరు ఏముండేది తాతగారూ?" అంది. "గోడ" అన్నాను. నా ఫొటో తీసుకుంది. తర్వాత మా బావ దగ్గరికి వెళ్ళింది.

స్టేడియం తెరవడానికి ముందు ఆ గది చూడ్డానికి రమ్మని పిలిచారు. కొత్త చొక్కా వేసుకుని మా ఆవిడతో వెళ్ళాను. లోపల చల్లగా ఉంది, రంగు వాసన ఇంకా పోలేదు. మంచి రంగే, రెండు పూతలు వేశారు. గది మధ్యలో ఆ పాత ఫొటో, మనిషెత్తు. దాని పక్కన "గోడ" అని ఉంది. చూసి కొంచెం ఛాతీ విరుచుకున్నాను కూడా.

కింద ఉన్నది మా బావ ఫొటో. పెట్టుడుపళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. "పెనాల్టీని నోటితో ఆపి, ముందుపళ్ళు పోగొట్టుకుని క్లబ్‌ని పెద్ద లీగ్‌లోకి ఎక్కించిన వీరుడు" అని రాశారు. ఆ పళ్ళు పోయింది చాక్లెట్లు చప్పరించి. పీకించడానికి తోడు వెళ్ళింది నేను. డాక్టరు గదిలో భయపడి నా మోచెయ్యి వదల్లేదు.

ఇటు పక్కన "చెయ్యి". కింద నేను. "గోల్ ముందు చేత్తో బంతి పట్టి జట్టుని ముంచబోయిన ఆటగాడు. సరదా మనిషి."

చరిత్ర అమ్మాయి అక్కడే ఉంది. పిలిచాను.

"అమ్మాయ్, ఫొటోలు అటూ ఇటూ అయ్యాయి."

నవ్వింది. "మీరిలా అంటారని మీ బావగారు ముందే చెప్పారు."

"గోడ నేనేనని నీకు చెప్పానా లేదా?"

"చెప్పారు తాతగారూ. ఆవు వెన్న ఇచ్చిందనీ చెప్పారు."

"ఆవుని వదిలెయ్. నా ముక్కు చూడు."

"సైకిల్ మీంచి పడ్డారట కదా."

"ఎవరన్నారు? వాడా?"

అమ్మాయి నా భుజం మీంచి వెనక్కి చూసింది. "ఆయన ఒక్కరే చెప్తే రాస్తానా. అమ్మమ్మగారికి ఫోన్ చేసి అడిగాను. ఆవిడే చెప్పారు."

నా వెనక మా ఆవిడ ఒక గాజుపెట్టెలో పాత బూట్లు చూస్తోంది. ఆ బూట్లలో చూడ్డానికి ఏమీ లేదు.

బయట బస్‌స్టాపు దాకా నడిచాం. బెంచీ మీద కూర్చున్నాక అడిగాను.

"సైకిలా?"

"ఏదో ఒకటి చెప్పాలి కదండీ."

"రక్తం నీ చేతులకి అంటింది. నీ తువ్వాలే."

"నా తువ్వాలే. ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు కూడాను."

"మరెందుకు చెప్పావు?"

చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది. "మా అన్నయ్య పెళ్ళిళ్ళకి రావడం మానేసి ఎన్నాళ్ళయిందో మీకు గుర్తుందా?"

"వాడికి ఒంట్లో బాగుండట్లేదన్నాడు."

"మీకలా అన్నాడు."

బస్సొచ్చింది. ఎక్కాం. నాకు బస్సులో కోపం రాదు, కుదుపులకి కథలు వస్తాయి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. నా పక్కన కూర్చున్న మనిషి, నా మొహం మీద గుడ్డ చుట్టిన మనిషి, ఫోన్ ఎత్తి సైకిల్ అని చెప్పిన మనిషి, ముగ్గురూ ఒకరేనని నమ్మడానికి నా తల ఒప్పుకోలేదు.

స్టేడియం తెరిచే ముందురోజు సాయంత్రం మా బావ ఇంటికొచ్చాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. మా ఆవిడ టీ పెడుతోంది. నేను పలకరించలేదు.

"బావా, చిన్న సాయం కావాలి" అన్నాడు.

"ఏం, ముందుపళ్ళు వెతికి పెట్టాలా?"

ఆ ఎత్తిపొడుపు మింగేశాడు. "రేపు ఆ పెనాల్టీ మళ్ళీ ఆడి చూపిస్తారట, నన్ను గోల్‌లో నిలబడమన్నారు. క్లబ్ ఫార్వర్డ్ ఊరికే మెల్లగా తంతాడట, ఫొటోల కోసం. ఎలా నిలబడాలో చెప్తావా? చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?"

"గోడవి కదా. గోడకి నిలబడ్డం నేర్పుతారా ఎవరైనా?"

"వెటకారం తర్వాత చేద్దువుగాని."

"నా పేరు ఎత్తుకుపోయి, దాన్ని ఎలా తొడుక్కోవాలో నన్నే అడుగుతున్నావు. నీకు సిగ్గుందా బావా?"

అప్పుడు తలెత్తాడు. "నువ్వు నా కథ ఎంతమందికి చెప్పావు?"

"సరదాకి చెప్పాను. నువ్వూ నవ్వేవాడివి."

"నవ్వకపోతే ఇంకోసారి చెప్తావని నవ్వేవాణ్ణి. నా మనవడు నన్ను తాతా అనడం కంటే ముందు చెయ్యి అనడం నేర్చుకున్నాడు. ఇప్పుడు కొన్నాళ్ళు నువ్వు మొయ్యి. నేను మోసినంతకాలం అక్కర్లేదులే, మనకంత టైము లేదు."

"రేపు బంతి పెట్టడానికి నన్ను పిలిచారు. మైకు ఇస్తారు" అన్నాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. ఆవు లేదు, పావురం లేదు. నా పేరు నాకు కావాలి."

 బావ చెల్లెలి వైపు చూశాడు. మా ఆవిడ పొయ్యి వైపు చూసింది. వాడు టీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

మర్నాడు స్టేడియం నిండిపోయింది. ఎటు చూసినా మా పసుపే. ఆ రంగులో ముంచిన మొదటి చొక్కా నాదని అరవాలనిపించింది. మా బావ గోల్‌లో నిలబడ్డాడు. అంత పెద్ద గోల్‌లో గుమ్మంలో మరిచిపోయిన గొడుగులా ఉన్నాడు. నేను బంతి తీసుకెళ్ళి పెనాల్టీ చుక్క మీద పెట్టాను. జనం సరదాగా, "చెయ్యి, చెయ్యి" అంటూ చప్పట్లు కొట్టారు. ఆ పేరు వింటుంటే నాకు ఎవరో వాడిన చొక్కా తొడిగినట్టుంది.

మైకు పట్టుకున్న కుర్రాడు దగ్గరికొచ్చాడు. "తాతగారూ, ఆ రోజు ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పండి."

నా జన్మలో ఒక్క ముక్కలో ఏదీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

"ఆ బంతి చేత్తో పట్టింది నేను కాదు, మా బావ. నేను గోడని. ఆ పెనాల్టీ ఆపింది నా ముక్కు."

అంతే. ఒక్క రంగు పూయలేదు. స్టేడియం నిశ్శబ్దమైపోయింది. కుర్రాడు మైకు పట్టుకుని నా ముక్కు వైపు చూశాడు, నిజంగా చూశాడు. మైదానం పక్కన కూర్చున్న చరిత్ర అమ్మాయి లేచి నిలబడింది. ఇంకొక్క క్షణం అలాగే ఉంటే నమ్మేవాళ్ళే.

ముందు వరసలోంచి ఒక నవ్వు వినపడింది. ఆడమనిషి నవ్వు, పెద్దగా, కడుపు పట్టుకుని నవ్వినట్టు. ఆ గొంతు నాకు తెలుసు, ఆ నవ్వు మాత్రం ఎప్పుడూ వినలేదు. మా ఆవిడ. పక్కవాళ్ళు ఆవిణ్ణి చూసి నవ్వారు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు నవ్వారు, మెట్లు మెట్లుగా నవ్వు పైదాకా ఎక్కింది. చరిత్ర అమ్మాయి కూడా నవ్వుతూ కూర్చుంది.

"రాశాంగా, సరదా మనిషి" అన్నాడు కుర్రాడు మైకులో.

అంతమందిలో నవ్వని మనిషి ఒక్కడే. గోల్‌లో ఉన్నాడు. ఫార్వర్డ్ మెల్లగా తన్నాడు. బంతి దొర్లుకుంటూ వచ్చింది, ఊయల దిగిన పిల్లాడైనా ఆపగలడు. బావ చేతులు జేబుల్లోంచి తియ్యలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు. బంతి వాడి పక్కనుంచి గోల్‌లోకి వెళ్ళిపోయింది. అయినా జనం లేచి నిలబడి, "గోడ, గోడ" అని అరిచారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఖాళీగా ఉంది. మా ఆవిడ ఎప్పుడూ నా ఎడమపక్కన కూర్చుంటుంది, ముక్కు తన వైపు ఉంటుందని. ఆ రోజు కుడిపక్కన కూర్చుంది.

తల ఆవిడ వైపు తిప్పి అన్నాను. "ఇన్నేళ్ళలో నా కథకి నువ్వు నవ్వడం ఇదే మొదలు."

"నవ్వకపోతే నమ్మేసేవాళ్ళండీ" అంది. ఆ మాట మాత్రం నవ్వకుండా అంది.