రిమార్కుల గడి

తిరుపతిరావు వంతెన మీదినుంచి వంగి, కొక్కెం కట్టిన వెదురుగడతో గుర్రపుడెక్క లాగుతున్నాడు. పొద్దున ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. రాత్రి పైనుంచి కొట్టుకొచ్చిన తూడు, ఖాళీ సీసాలు, ఎవరో పారేసిన పాత దిండు షట్టర్ల ముందు దట్టంగా అల్లుకుపోయాయి. దిండు నీళ్ళు తాగి దూడంత బరువుంది. దాన్ని గట్టు మీదికి లాగేసరికి ఆయాసం వచ్చి కాసేపు గడకు ఆనుకుని నిలబడ్డాడు.

అతనికి నలభై తొమ్మిదేళ్ళు. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళుగా షట్టర్ల హ్యాండిల్ తిప్పి తిప్పి అలా అయింది. చొక్కాలు కుట్టే టైలరు ఒక్కడే ఆ సంగతి పైకి అన్నాడు. భార్య భానుశ్రీ గమనించిందో లేదో అతనికి తెలియదు, ఎప్పుడూ అడగలేదు. ఏదీ అడగకపోవడం అతని తీరు. లోపల ఎంత కుతకుతలాడినా నోరు మాత్రం మెదపడు. ఊళ్ళో వాళ్ళు దీన్ని మంచితనం కింద జమకట్టారు.

ఆ లాకు చల్లపల్లికి ఆరు కిలోమీటర్ల దిగువన, రోడ్డు కాలువను దాటే చోట ఉంది. తండ్రి కూడా అక్కడే షట్టర్లు చూసుకునే లస్కరు. ఆయన సర్వీసులో ఉండగా పోతే ఆ పని కొడుక్కిచ్చారు. పని పెద్దదేం కాదు. పైనుంచి చెప్పినంత మేర షట్టర్లు ఎత్తాలి, దించాలి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గోడకున్న గేజీ చూసి నీటిమట్టం పుస్తకంలో పెన్నుతో రాయాలి. షట్టరు కదిలించిన రోజున ఏ టైముకు కదిలించాడో వరస చివర రిమార్కులనే గడిలో వేయాలి. కదిలించని రోజున ఆ గడి ఖాళీగా ఉండాలి.

రెండు నెలల పైచిలుకుగా ఆ గడి ఒక్కరోజూ ఖాళీగా లేదు. రోజుకో టైము, పెన్సిలుతో, చిన్న అంకెల్లో ఉంది.

ఎనిమిదింటికి ఇరిగేషన్ ఏఈ శాలిని ఫోన్ చేసింది. కాలువ శివారు రైతులు కంప్లయింటు ఇచ్చారని, వాళ్ళను వెంటబెట్టుకుని పదకొండింటికి లాకు దగ్గరికి వస్తున్నానని, గేజీ పుస్తకం సిద్ధంగా ఉంచమని చెప్పింది. కంప్లయింటు ఏమిటో తిరుపతిరావుకు తెలుసు. నాట్లు వేసి నెల దాటినా, వంతు వచ్చిన రోజున కూడా శివారు పొలాలకు నీళ్ళు అందడం లేదు. ఇతను సాయంత్రాలు షట్టరు దించేసి, ఎగువనున్న రొయ్యల చెరువులకు నీళ్ళు నిలబెడుతున్నాడని వాళ్ళ అనుమానం. అతను ఏనాడూ అలాంటి పని చేయలేదు. ఆ విషయంలో అతనికి భయం లేదు. భయమంతా పెన్సిలు అంకెలతోనే.

భానుశ్రీ చల్లపల్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మొదట ఊడ్చి తుడవడానికి చేరింది. అక్కడి టెక్నీషియన్ లక్ష్మీకాంత్ ఆమెకు సూది పట్టడం నేర్పాడు. ఇప్పుడు చంటిపిల్ల చేతికైనా నరం దొరకబుచ్చుకుంటుందని పేరు తెచ్చుకుంది. లక్ష్మీకాంత్‌ది పక్క ఊరే కాబట్టి సాయంత్రం తన బండి మీద తీసుకొచ్చి లాకు దగ్గర దింపేవాడు. దింపాక కూడా ఇద్దరూ ఐదు నిమిషాలు నిలబడి, ఆ రోజు వచ్చిన పేషెంట్ల గురించి చెప్పుకుని నవ్వుకునేవారు. ఆ నవ్వు వంతెన మీదికి వినిపించేది. పదిహేనేళ్ళ కాపురంలో భానుశ్రీ ఇంట్లో అలా నవ్వగా తిరుపతిరావు వినలేదు. వాళ్ళిద్దరి మధ్యా తప్పేదో ఉందని అతను నిజంగా అనుకోలేదు. ఆ నవ్వును ఓర్వలేకపోయాడు, అంతే. దాన్ని అసూయ అంటారని తెలుసు గానీ, ఈ వయసులో అది తనకు వచ్చిందని ఒప్పుకోబుద్ధి కాలేదు.

నాలుగు నెలలు మింగి, ఒకరోజు అన్నం దగ్గర బయటపెట్టాడు. ఆమె చెయ్యి ఆపి పూర్తిగా విన్నది. కోప్పడలేదు. తనకు అన్నదమ్ములు లేని లోటు లక్ష్మీకాంత్ దగ్గర కొంత తీరిందని, అయినా మీకు ఇబ్బందిగా ఉంటే మార్చుకుంటానని, ఏం చెయ్యమంటారో చెప్పమని అంది. అతను చెప్పాడు. ఇంట్లో ఉండగా లక్ష్మీకాంత్ ఫోనొస్తే స్పీకరులో మాట్లాడాలి. బండి మీద ఇద్దరి మధ్య అన్నం బుట్ట పెట్టుకోవాలి. ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. అన్నిటికీ తలూపి, ఆమె తనదీ ఒక మాట చెప్పింది.

"అనుమానమొస్తే నన్నడగండి, ఉన్నదున్నట్టు చెప్తాను. అడక్కుండా నా మీద కన్నేసి కూర్చోవద్దు. అది మాత్రం నేను పడలేను."

సరేనన్నాడు.

ఆమె తన మాట నిలబెట్టుకుంది. లక్ష్మీకాంత్ ఫోన్ చేస్తే గ్యాసుబండ పక్కన స్పీకరులో పెట్టి, రేపటి శాంపిళ్ళ గురించి నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. తాను చేత్తో అల్లుకున్న ఆకుపచ్చ ప్లాస్టిక్ వైరు బుట్టను ఏడాదిన్నర పాటు బండి మీద మధ్యలో పెట్టుకుని వచ్చింది. మొన్న ఉగాదికి అతను బండి కూడా వద్దన్నాడు. ఆమె మర్నాడే బస్సు పాసు తీసుకుంది. బస్సు ఏడూ ఐదుకు వస్తుంది. ఆ ఐదు నిమిషాలకు తిరుపతిరావే పెద్దమనసు చేసుకుని అనుమతించాడు. లక్ష్మీకాంత్ లాకు దగ్గర హారనైనా కొట్టకుండా, తల తిప్పుకుని పోవడం మొదలుపెట్టాడు.

అంతటితో మనసు కుదుటపడాలి. పడలేదు. జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలాక, గేజీ రాసేసి కూడా ఇంటికి పోకుండా లాకు గది మెట్ల మీద కూర్చునేవాడు. ఒకరోజు బస్సు దిగిన భార్యను చూసి, పుస్తకం తెరిచి 7.05 అని వేశాడు. మర్నాడు 7.10. ఇన్నేళ్ళూ ఎక్కేదీ దిగేదీ రాయడం తప్ప మరో పని తెలియని చెయ్యి అది. రాశాక కాస్త నిమ్మళంగా ఉండేది. పెన్సిలే కదా, ఎప్పుడైనా చెరిపేయొచ్చనుకున్నాడు. జూలై పన్నెండున మాత్రం 7.40 అయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఎందుకు ఆలస్యమైందని అడగనూ లేదు.

ఇప్పుడు శాలిని వచ్చేలోగా చెరిపేద్దామంటే రబ్బరు లేదు. చిన్నప్పుడు బళ్ళో చేసినట్టు హవాయి చెప్పు మడమతో రుద్దాడు. అంకె పోలేదు, పక్కన నల్లటి మరక తేలింది. వేలు తడిచేసి రుద్దితే కాగితం పొర లేచింది. చించేద్దామంటే ప్రతి పేజీకీ నంబరుంది. చెమట తుడుచుకుని పుస్తకం మూసేశాడు.

పదకొండింటికి జీపు, దాని వెనక నాలుగు మోటారు సైకిళ్ళు వచ్చాయి. శాలిని ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. తిరుపతిరావును గారు అనే పిలుస్తుంది. రైతుల్లో పెద్దవాడు పోలరాజు, ఎండిపోయిన వరి మొక్కలు ఒక పిడికెడు తువ్వాల్లో చుట్టుకొచ్చి ఆమె ముందు గోడ మీద పెట్టాడు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆమె గేజీ చూసింది, షట్టర్ల స్క్రూలకున్న గ్రీజు చూసింది, తర్వాత పుస్తకం తెరిచింది. జూలై పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఈ టైములేంటండీ, తిరుపతిరావు గారూ? రోజూ సాయంత్రం షట్టరు కదిపారా?"

పోలరాజు మెడ చాచి చూశాడు. పన్నెండో తారీఖు మీద వేలు పెట్టాడు. పదమూడు తమ వంతని, ఆ రోజే చుక్క నీళ్ళు రాలేదని, ముందురోజు ఏడూ నలభైకి దించేశాడన్నమాట అని చెప్పాడు. పైగా చెరపబోయాడని మరకను చూపించాడు. శాలిని ముఖం గంభీరంగా మారింది. ఇది పైకి రాయాల్సి వస్తుందని, రాస్తే సస్పెన్షనుతో ఆగదని, ఉన్నది చెప్పమని నెమ్మదిగా అంది.

తిరుపతిరావుకు ఆ క్షణంలో ఊరుకునే దారి ఉంది. దొంగతనం మీద వేసుకుంటే ఉద్యోగం పోతుంది, భార్య పరువు మిగులుతుంది. అతనికి ఆ ఆలోచన రాకపోలేదు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు, ముందున్న పెన్షను, తండ్రి పేరు కళ్ళముందు మెదిలాయి.

"షట్టరువి కాదు మేడం. మా ఇంట్లో ఆవిడ ఇంటికొచ్చే టైములండీ."

వెనకనున్న రైతొకడు దగ్గాడు. పోలరాజు నమ్మలేదు. కట్టుకున్న పెళ్ళాం టైములు గవర్నమెంటు పుస్తకంలో ఎవడు రాస్తాడని, అంతగా అయితే ఆమెకే ఫోన్ చేసి అందరికీ వినబడేట్టు అడగమని పట్టుబట్టాడు. శాలినికి అది ఇష్టం లేకపోయింది. కానీ నాలుగూళ్ళ పైరు ఎండుతోంది. తిరుపతిరావు చెప్పిన నంబరు నొక్కి, ఫోను స్పీకరులో పెట్టి, పుస్తకం పక్కన ఉంచింది. తానెవరో చెప్పి, క్షమించమని, ఒక ఎంక్వయిరీ కోసం అడుగుతున్నానని అంది.

"జూలై పన్నెండున మీరు ఇంటికి ఎన్నింటికి చేరారో గుర్తుందా అమ్మా?"

అవతల ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. సూది చేతిలో పట్టుకుని మాట్లాడుతోంది కాబోలు.

"ఎందుకండీ?"

శాలిని చెప్పింది. మీ ఆయన రోజూ మీరొచ్చే టైము గేజీ పుస్తకంలో రాశారట, అది నిజమో కాదో తేలాలి, ఆయన ఉద్యోగం దాని మీదుంది అని చెప్పింది. పిల్లను కాస్త పట్టుకోమని ఆమె పక్కవాళ్ళతో అనడం వినిపించింది.

"ఏడూ నలభై అండీ. బస్సు టైరు పంక్చరయింది."

"ఇన్నాళ్ళయినా అంత కరెక్టుగా ఎలా గుర్తుంది?"

"ఆయన అడుగుతారేమోనని ఆ రాత్రంతా చూశానండీ. అడగలేదు. అందుకని గుర్తుంది." తర్వాత తనే, "ఇంకేమన్నా కావాలాండీ?" అంది.

అక్కర్లేదని శాలిని ఫోను పెట్టేసింది. ఎవరి ముఖమూ ఎవరూ చూసుకోలేదు. తిరుపతిరావుకు తల కొట్టేసినట్టయింది. పోలరాజు తువ్వాలు దులుపుకుని, మనిషి దొంగ కాదులెండి మేడం అని అందరికీ వినబడేలా ఒప్పుకున్నాడు. అంతకంటే దొంగ అనిపించుకున్నా బాగుండేదని తిరుపతిరావుకు అనిపించింది. తర్వాత శాలిని పై లాకుకు ఫోన్ చేసి కనుక్కుంటే, అసలు అక్కడినుంచే జూలై మొదటినుంచీ తక్కువ వదులుతున్నారని తేలింది. షట్టరు ఇంకో ఆరు చుట్లు ఎత్తమంది. అతను ఎత్తాడు. పుస్తకంలో సొంత సంగతులు రాసినందుకు మెమో ఇవ్వక తప్పదని, తల వంచుకుని తానే తప్పు చేసినట్టు చెప్పి, జీపెక్కింది.

మధ్యాహ్నం అతను ఇంటికి పోలేదు. ఆకలి కూడా వేయలేదు. ఈ మాట ఈపాటికి ఏ టీ కొట్టు దాకా వెళ్ళిందో, ల్యాబు గుమ్మంలోకి ఎవరు మోసుకెళ్ళారో అనుకుంటూ మెట్ల మీద కూర్చున్నాడు. భానుశ్రీ ఆటోలో పెందలాడే వచ్చి, అతని వైపు చూడకుండా ఇంటికి వెళ్ళడం చూశాడు. లేచి వెళ్దామనుకున్నాడు. రెండు మెట్లు దిగి మళ్ళీ కూర్చున్నాడు.

మూడున్నరకు ఆమె ఒక రెగ్జిన్ బ్యాగుతో, వైరు బుట్టతో వచ్చింది. బుట్టను లాకు గది కిటికీలో పెట్టింది. ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"రాత్రికి వండి తెచ్చాను. నేను గన్నవరం, అక్క దగ్గరికి పోతున్నా. అక్కడ ల్యాబులో మనిషి కావాలంటున్నారు."

"చెప్పకపోతే ఉద్యోగం పోయేది భానూ."

"చెప్పినందుకు నేనేమీ అనట్లేదండీ. రోజూ రాశారే, దానికి." బ్యాగు మరో చేతికి మార్చుకుంది. "పదిహేనేళ్ళలో మిమ్మల్ని అడిగింది ఆ ఒక్కటే."

రోడ్డు మలుపులో బస్సు కనబడింది. అతను ఆమె బ్యాగు అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"ఎప్పుడొస్తావు?"

"టైము చెప్పలేను."

ఆమె ఎక్కింది. కిటికీ పక్కనే సీటు దొరికింది గానీ ఇటు చూడలేదు. బస్సు వంతెన దాటి, విజయవాడ వైపు తిరిగి, చింతచెట్ల వెనక్కి పోయింది. అతని కళ్ళు అలవాటుకొద్దీ గడియారం మీదికి పోయాయి. మూడూ యాభై. వెంటనే తల తిప్పేసుకున్నాడు.

ఆరింటికి గేజీ చూశాడు. ఎగువ, దిగువ అంకెలు పెన్నుతో రాశాడు. షట్టరు ఎత్తిన టైము రిమార్కుల్లో వేశాడు. ఎత్తిన షట్టర్ల కిందినుంచి నీళ్ళు శివారు వైపు గట్టిగా పోతున్నాయి. ఏడూ ఐదు బస్సు వచ్చింది. దిగేవాళ్ళు లేక ఆగకుండా పోయింది. అప్పుడు అతనికి ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

కాసేపటికి లైటు వేసి, కిటికీలోంచి బుట్ట దించాడు. అన్నం గిన్నె, దోసకాయ పప్పు, మజ్జిగ సీసా ఒక్కొక్కటే తీసి మెట్టు మీద పెట్టాడు. ఖాళీ బుట్టను రెండు చేతులా పట్టుకుని లైటు కిందికి తెచ్చాడు. ఏడాదిన్నర పాటు బండి మీద ఇద్దరు మనుషుల మధ్య ఉన్న బుట్ట. ఆ పక్కా ఈ పక్కా తిప్పి చూశాడు. అల్లిక కొత్తలో ఎలా ఉందో అలాగే బిర్రుగా ఉంది, ఏ వైపూ ఒక్క వైరు కూడా నలగలేదు.