ఆల్బంలో గ్యాస్ లీకేజీ

మా ఆయన ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. గ్యాస్ లీకైతే ఏం చేయాలో ఫ్యాక్టరీ పక్కనున్న లక్డారం ఊరి ఆడవాళ్లకు చూపించాలని ఇరవై స్లయిడ్లు తయారుచేశారు. తీరా చూస్తే ఆ ఊరి బడి కంప్యూటర్‌లో పవర్‌పాయింటే లేదు. ఆయన తల పట్టుకున్నారు.

నేను స్లయిడ్లను ఫొటోలుగా ప్రింటు వేయించి పెళ్లి ఆల్బంలో పెట్టి, ఆ ఆడవాళ్ల చేతికిచ్చాను. పెళ్లి ఆల్బం చేతికిస్తే మధ్యలో మూసెయ్యడం ఇక్కడ మర్యాద కాదు.

"పెండ్లిపిల్ల ఏదమ్మా?" అంది మహిళా సంఘం పోశమ్మ.

"చివర్లో ఉంది, చూడండి."

అందరూ ఆఖరి పేజీదాకా తిప్పారు. అక్కడ ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్న మనిషి బొమ్మ ఉంది.

"పెండ్లిల గంత కంపు కొట్టిందా?" అని నవ్వింది పోశమ్మ. "ఎరుకైందమ్మా. తడిబట్ట కట్టుకొని గాలికి అడ్డంగ ఉరకాలె, గంతేగా?"

మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు. ఇవే స్లయిడ్లను ఆఫీసులో పెద్ద తెరమీద చూపిస్తే, మేనేజర్లు మూడోదానికే టీకి లేచారట.