చిటికెడు గ్రెతా

ఎఫ్రాసియాది కుండలు చేసే ఇల్లు. కాల్చిన కుండకు గ్రెతా పొడి కలిపిన నీళ్లు పూసి మళ్లీ బట్టీలో పెడితే నిగనిగలాడుతుంది. ఆ నారింజ రంగు పొడి ఊళ్లో ప్రతి ఇంటా ఉంటుంది, ఉప్పు ఉన్నట్టే. పిల్లలకు తిన్నది కడుపులో అడ్డంపడితే చెంచాడు నూనెలో చిటికెడు పొడి కలిపి తాగించడం తాతల నాటి వైద్యం.

మనవరాలు లుసెరోకి మూడేళ్లు. కూతురు తోట పనులకు వలస పోతూ, "నీ దగ్గరుంటే నాకు దిగులు లేదమ్మా" అని అప్పగించి వెళ్లింది. కొన్ని నెలలుగా పిల్లకు ఎప్పుడూ కడుపునొప్పే. తోర్తియా రొట్టె ముట్టదు, గోడమట్టి గీకి తింటుంది. వచ్చిన మాటలు కూడా మరిచిపోతోంది. ఎఫ్రాసియా నొప్పి వచ్చినప్పుడల్లా పొడి తాగించింది, తగ్గకపోతే ఇంకాస్త తాగించింది.

చివరికి ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చింది. నర్సు పిల్ల చేతిని సబ్బుతో రెండుసార్లు కడిగింది.

"అది పిల్ల చెయ్యమ్మా, అంట్లగిన్నె కాదు. ఎన్నిసార్లు తోముతావు?"

"వేలి మీది దుమ్ము రక్తంలో కలిస్తే లెక్క తప్పొస్తుంది పెద్దమ్మా."

వేలు పొడిచి, రక్తపు చుక్కను చిన్న యంత్రంలో పెట్టింది. మూడు నిమిషాల తర్వాత అంకె రాలేదు. 'ఎక్కువ' అని మాత్రం వచ్చింది.

"అంకె ఏదమ్మా?"

"ఇది అరవై అయిదు దాకానే కొలుస్తుంది. అయిదుకే మేం కంగారుపడతాం." నర్సు చీటీ రాయడం మొదలుపెట్టింది. "ఒంట్లో సీసం చేరింది. పట్నం పెద్దాసుపత్రిలో నరం నుంచి రక్తం తీసి మళ్లీ చూస్తారు. వ్యాను పిలుస్తున్నా. నొప్పికి ఇంట్లో ఏమైనా ఇచ్చారా?"

"ఇవ్వకుండా ఊరుకుంటానా! గ్రెతా ఇచ్చా. ఇవాళ పొద్దున కూడా, బయల్దేరే ముందు."

నర్సు రాయడం ఆపేసింది. "పెద్దమ్మా... గ్రెతా అంటేనే సీసం."

ఎఫ్రాసియా పిల్లను ఒళ్లోకి లాక్కుంది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే కాబోలు. తన చేత్తో తనే పోసింది. పిల్ల మొహం తిప్పుకుంటే ముక్కు పట్టుకుని మరీ పోసింది.

"పోయిన మాటలు తిరిగొస్తాయా తల్లీ?"

"సీసాన్ని కొంత బయటికి తీస్తారు. మాటల సంగతి నేను చెప్పలేను పెద్దమ్మా."

వ్యాను కోసం మెట్ల మీద కూర్చున్నారు. లుసెరో పొట్ట పట్టుకుని మెలికలు తిరిగింది. అవ్వ కొంగు లాగింది. ఇప్పుడు మొహం తిప్పుకోవడం మానేసింది, అలవాటైపోయింది. మందు కోసం తనే నోరు తెరిచి, ఎఫ్రాసియా వంక చూస్తూ అలాగే ఉండిపోయింది.