భాగ్యక్క గొంతు

పెనం మీద జొన్నరొట్టె పొంగుతోంది. పప్పుడబ్బాకు ఆనించిన ఫోన్‌లో తుక్కుగూడ సత్తెమ్మ సొరకాయల ధర అడుగుతోంది. భాగ్యలక్ష్మి రొట్టె తిప్పి, చేతి పిండి కొంగుకు తుడుచుకుని జవాబు కొట్టింది.

"ఆ ఫోన్ల ఏమున్నదో గానీ, ఇంట్ల మనిషి ఉన్నట్టే అనిపియ్యది" అంది అత్త శివమ్మ. మూడో రొట్టె కంచంలో పడేదాకా ఆ సణుగుడు ఆగలేదు.

శంషాబాద్ చుట్టుపక్కల కూరగాయలు పండించే ఆడవాళ్లు ఆరువందల మంది ఆ వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. రెండేళ్లుగా దాన్ని నడుపుతున్నది భాగ్యలక్ష్మే. చాలామందికి టైపు చేయడం రాదు, మాట రికార్డు చేసి పంపుతారు. వంట చేస్తూ, గిన్నెలు తోముతూ వాళ్ల గొంతులన్నీ వింటుంది. విన్నదాన్ని నాలుగు ముక్కల్లో రాసి అందరికీ పెడుతుంది. కానీ ఫోన్ మొగుడు గోవర్ధన్ వాడి పడేసినది, నంబరు అతని పేరు మీదిది. గ్రూపు మీద ఫొటో కూడా అతనిదే, నల్లకళ్లద్దాలతో! మార్చుకుంటానంటే గోవర్ధన్ నవ్వాడు. "ఆడిదాని ఫొటో చూస్తే రోజు వంద మంది గుడ్ మార్నింగ్ పెడ్తరు. నా ఫొటో ఉంటే నీకే మంచిది" అన్నాడు. మంచిదే కాబోలనుకుంది, పిచ్చిది.

ఆ మంచి ఏపాటిదో నెల కిందట తెలిసింది. ఎయిర్‌పోర్ట్ దగ్గరి పెద్ద హాల్లో మహిళా రైతుల సదస్సు పెడుతున్నామని మనీషా అనే అమ్మాయి ఫోన్ చేసింది. "గోవర్ధన్ గారున్నారాండీ? వాళ్ల గ్రూప్ చాలా బాగుంది. హాలుకి రాలేని ఆడవాళ్లు కూడా ఇళ్ల నుంచే ప్రశ్నలు అడిగేలా చేద్దామని. గ్రూప్ నడిపేవారిని మా కమిటీలోకి కూడా తీసుకుంటాం" అంది. భాగ్యలక్ష్మి నోరు తెరిచేలోపే గోవర్ధన్ ఫోన్ లాక్కున్నాడు.

"అవునమ్మా, గ్రూపు నేనే నడుపుతున్న" అన్నాడు.

ఆమె కళ్లముందే అన్నాడు! సొమ్మొకడిది సోకొకడిది. తుక్కుగూడలో ప్లాట్లమ్మే మనిషికి కొత్తిమీర కట్ట ఎంతో తెలుసా? ఇతనే కమిటీలో కూర్చుంటే సత్తెమ్మ సొరకాయ గోడు ఎవరికి పడుతుంది? అడగాలనుకుంది. పొయ్యి మీద పాలు పొంగాయి. దింపేసరికి అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆ అడగని మాట గొంతులోనే ఉండిపోయింది.

ఇవాళే సదస్సు. రొట్టె తుంచుతూ గోవర్ధన్ హుకుం జారీ చేశాడు. "హాల్ల నువ్వు మూలకు కూసో. ఆడోళ్లు పంపే మాటలు అస్సలు వినిపియ్యకు. టైపు చేసి తెర మీద పెట్టు. ప్రతి ప్రశ్న ముందు 'గోవర్ధన్ సార్‌కు నమస్తే' అని రాయ్. సమజైందా?"

సమజైంది. ఆడవాళ్ల మాటల్లో ప్రతి ఒక్కటీ ఆమె పేరుతోనే మొదలవుతుంది మరి.

పదకొండింటికి గోవర్ధన్ వేదికెక్కాడు. మనీషా మూలన కూర్చున్న భాగ్యలక్ష్మి ఫోన్‌కు వైరు తగిలించి, "ఇక్కడ టైపు చేస్తే తెర మీద కనపడుతుందండీ. వాయిస్ నొక్కితే హాలంతా వినపడుతుంది" అని చెప్పి వెళ్లింది.

ముందు వరుసలోని వ్యవసాయ అధికారి అడిగాడు. "గోవర్ధన్ గారూ, కొత్తిమీర వాడిపోకుండా మార్కెట్‌కు చేర్చడానికి మీ గ్రూపులో ఏదో ఉపాయం చెప్పారటగా. ఏంటది?"

గోవర్ధన్ మూలకు, భాగ్యలక్ష్మి వైపు చూశాడు. కళ్లతోనే గద్దించాడు, రాసి పెట్టమని.

ఆమె వేలు అక్షరాల మీదికి వెళ్లింది. అలవాటు కదా! 'గోవర్' దాకా కొట్టింది కూడా. అప్పుడే గ్రూపులో జల్‌పల్లి కొండమ్మ మాట వచ్చి పడింది. రాసినదాన్ని చెరిపేసింది. కొండమ్మ వాయిస్ నొక్కింది.

"భాగ్యక్కా! నువ్వు చెప్పినట్లే కొత్తిమీర తడిగోనెల చుట్టి పంపిన, ఒక్క కట్ట గూడ వాడలే. గీ ముచ్చట సార్లకు జర చెప్పు, అక్కా."

హాలంతా విన్నది. ఇంకొకటి నొక్కింది, అక్కను ఆపా అని పిలిచే గొంతు. "భాగ్యా ఆపా, నేను అజ్రా. మా పాలకూరకు నీడ కావాలె, గా ముచ్చట అడుగు." తర్వాత సత్తెమ్మది. "ఓ భాగ్యక్కా, ఏడున్నవే?"

ముందు వరుసల్లో తలలు తిరిగాయి. "ఈ భాగ్యక్క ఎవరండీ?" అన్నాడు అధికారి.

గోవర్ధన్ మైకులో నవ్వాడు. "మా ఇంటామె సార్. నాకు జర టైపింగ్‌ల సాయం చేస్తది."

హాల్లో ఎవరో నవ్వారు. ఆమె ముఖం భగ్గుమంది. రెండేళ్ల మాడిన రొట్టెలు, అత్త సణుగుడు, ఆ నల్లకళ్లద్దాలు అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. సాయంత్రం ఇంటికే పోవాలని తెలుసు. ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కూడా తెలుసు. అయినా లేచి నిలబడింది. మనీషా పరుగున తెచ్చిన మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"టైపింగ్ ఇయ్యాల్టితోని బంద్ సార్" అంది భాగ్యలక్ష్మి. "ఇగ నేనే మాట్లాడ్త."